బండ్ల వరుసలో హాజరు

పాలకొల్లు తిరిగొచ్చి పది రోజులైంది. నా తెల్లచొక్కా కాలరుకు పట్టిన పసుపు మాత్రం ఇంకా వదల్లేదు. మా ఆవిడ రెండుసార్లు ఉతికింది. మూడోసారి తెచ్చి నా ఒళ్లో పడేసి, "ఈ వయసులో అక్కడేమైనా పెళ్లికొడుకును చేశారా ఏంటి?" అంది. నేను చేసిందల్లా నిజామాబాద్‌లో పసుపు మార్కెట్టు పక్కనుంచి ఆటోలో వెళ్లడమే. మాఘమాసం ఎండకు అక్కడ గాలి కూడా పచ్చగానే ఉంటుంది.

నేను వెళ్లింది గుడికీ కాదు, పెళ్లికీ కాదు. బోధన్‌లో కాలేజీ పెట్టిన కొత్తలో అక్కడ చదువుకున్నాను. మా నాన్న గోదావరి జిల్లానుంచి వెళ్లి, వర్ని దగ్గర నిజాంసాగర్ కాలవ కింద పొలం కొని, చెరుకు వేసినవాడు. మాలాంటి వాళ్ల ఊళ్లను అక్కడ క్యాంపులంటారు. నేను క్యాంపు పిల్లాణ్ణి. ఆ కాలేజీకి మొట్టమొదటి ప్రిన్సిపాల్ విఠల్ సార్. ఆయన మూడేళ్ల కిందట పోయారు. ఆ కబురు కూడా నాకు ఎవరో ఫోన్లో పంపిన పేపరు ముక్క వల్ల తెలిసింది.

ఆయన్ని ఆ కాలేజీనుంచి పంపించేయడానికి కారణం నేను. ఆయనంటే గిట్టక కాదు, పొగడబోయి. కానీ నేను కావాలనే చేశానని కాలేజీ అంతా అనుకుంది. సార్ కూడా అలాగే అనుకున్నారా అన్నది నలభై ఏళ్లుగా నాకు తెలియదు. అది తెలుసుకుందామనే ఈ ప్రయాణం. మనిషి ఉన్నప్పుడు వెళ్లి అడగలేనివాణ్ణి, పోయాక వెళ్లాను. నా ధైర్యం అలాంటిది.

నిజామాబాద్ స్టేషన్ ముందు

రైలు దిగేసరికి తెల్లవారింది. చేతిలో పూతరేకుల డబ్బా. సార్ ఇంట్లో ఎవరున్నారో, అసలు ఆ ఇల్లు ఎక్కడో తెలియకపోయినా, వట్టి చేతులతో వెళ్లకూడదని మా ఆవిడ కట్టించింది. రాత్రి రైల్లో పై బెర్తు పెద్దమనిషి ఆ డబ్బా మీద కాలు పెట్టి దిగాడు. దిగి, "సారీ అంకుల్" అని దర్జాగా వెళ్లిపోయాడు. డబ్బా ఊపి చూస్తే లోపల గలగలమంది. పూతరేకులు గలగలమనకూడదు.

స్టేషన్ బయట ఒక బండి దగ్గర పోహా తిన్నాను. మన అటుకుల ఉప్మాయే గానీ, పైన సన్నసేవు చల్లి, నిమ్మచెక్క పెట్టి, పక్కన వేయించిన పచ్చిమిరపకాయ ఇచ్చారు. ముప్పై రూపాయలు. మా వైపు పొద్దున్నే ఇడ్లీ పెసరట్టు లేకపోతే ఆ రోజు తెల్లారనట్టే. ఇక్కడ మరాఠీ దేశం దగ్గర కాబట్టి అటుకులకు గౌరవం ఎక్కువ. మిరపకాయ కొరికి చూసి, తప్పు తెలుసుకుని, నీళ్లకోసం చెయ్యి చాపాను.

బండాయన నా అవస్థ చూసి గ్లాసు అందించాడు. "మెల్లగ తినాలె సార్. యాడికెల్లి వస్తున్నరు?"

"గోదావరి జిల్లా అండి. బోధన్ వెళ్లాలి."

"బోధన్ల ఏమున్నది సార్ ఇప్పుడు? షక్కర్ ఫ్యాక్టరీ బందాయె."

"కాలేజీ చూద్దామని."

"ఎవల్నన్న షరీక్ చేస్తున్నరా?"

చేర్పించడాన్ని షరీక్ చేయడమంటారన్న సంగతి అప్పటిదాకా మరిచిపోయి ఉన్నాను. నన్ను ఆ కాలేజీలో చేర్చేటప్పుడు విఠల్ సార్ మా నాన్నతో అన్నది అదే మాట. "షరీక్ చేయుండ్రి, మిగతాది నేను చూసుకుంట" అన్నారు. బండాయనకు జవాబు చెప్పకుండా డబ్బులిచ్చి వచ్చేశాను. పొగరనుకుని ఉంటాడు పాపం.

బోధన్

నా చిన్నప్పుడు ఈ దారికి రెండు పక్కలా చెరుకే ఉండేది. ఇప్పుడంతా వరి, సోయా. చెరుకు అక్కడో మడి ఇక్కడో మడి. బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఇంకొకావిడతో మరాఠీలో, కండక్టరుతో తెలుగులో, ఫోన్లో ఉర్దూలో మాట్లాడింది. మూడింట్లోనూ ఎవరినో తిట్టడమే. హాయిగా విన్నాను.

విఠల్ సార్ ఈ కాలేజీకి వచ్చేనాటికి కాలేజీ లేదు. గవర్నమెంటు కాగితం ఒక్కటే ఉంది. ఆయన నిజామాబాద్‌లో ఉర్దూ మీడియంలో చదువుకుని, లెక్కల మాస్టారుగా పనిచేసి, ఆ కాగితం చేత్తో పట్టుకుని బోధన్‌లో దిగారు. మూతపడ్డ ఒక బియ్యం మిల్లు అడిగి తీసుకుని, అందులో బెంచీలు వేయించారు. మొదటి ఏడాది గోడల నిండా తవుడే ఉండేదట. తర్వాత సైకిలేసుకుని ఊళ్లు తిరిగారు. వెళ్లిన చోటల్లా తండ్రులు ఒకటే అన్నారు, పోరలు సదువుకు పోతే చెరుకెవడు నరకాలె అని. ఆయన వాళ్లతో వాదించలేదు. "నరకనియ్యుండ్రి. సదువనియ్యుండ్రి. వాండ్లు రాకుంటే నేనే వస్త" అన్నారు.

అన్నట్టే వచ్చారు. ఆ రోజుల్లో చెరుకు బండ్లు ఫ్యాక్టరీ గేటు ముందు వరుస కట్టేవి. తూకం వేసే కాంటా దగ్గరికి చేరేసరికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు. ఎడ్లను విప్పి, కాడి దించి, బండి దగ్గరే కాపలా. మా కాలేజీ పిల్లల్లో సగం మంది ఆ వరుసలోనే ఉండేవాళ్లం. సాయంత్రం నాలుగింటికి సార్ సైకిల్ మీద వచ్చేవారు. గుడ్డసంచిలో హాజరు రిజిస్టరు. భుజానికి తాడుతో నల్లరంగు పూసిన రేకు. ఆ రేకును ఏదో ఒక బండి వెనక వేలాడదీసి, పేర్లు పిలిచేవారు. చెరుకు మోపుల మీద కూర్చున్నవాళ్లం "హాజర్ సార్" అనేవాళ్లం. ఆ తర్వాత గంటన్నర లెక్కలు. పాఠం నడుస్తుండగా చెరుకుగడ నమిలితే మాత్రం ఊరుకునేవారు కాదు.

కాలేజీకి ఇప్పుడు మూడంతస్తుల మేడ ఉంది. ప్రిన్సిపాల్ గది గోడ మీద చెక్క బోర్డు, దాని మీద వరుసగా పేర్లు. మొదటిది విఠల్ సార్ పేరు. పక్కన వచ్చిన ఏడు, వెళ్లిన ఏడు. అంతే. ఆ రెంటి మధ్య బియ్యం మిల్లూ సైకిలూ రేకూ ఏవీ లేవు. నేను చాలాసేపు దాని ముందే నిలబడ్డాను. గుమాస్తా అమ్మాయి కుర్చీ చూపించింది.

"కూసోండి సార్. ఆయన మీకు చుట్టమా?"

"మా సార్ అమ్మా. మీరిక్కడ హాజరు ఎలా వేస్తున్నారు?"

ఆ అమ్మాయి నవ్వి ఫోన్ చూపించింది. "గిందుల ముఖం సూపెట్టాలె సార్. అదే ఏసుకుంటది. కాలేజీ గేటు దాటినంక మాత్రం పనిచెయ్యది."

"గేటు బయట నిలబడి చూపించినా?"

"ఊహూ. గేటు లోపటనే."

ఆ ఫోన్ ఆ రోజుల్లో ఉండి ఉంటే సార్ ఏం చేసేవారో అనుకుంటూ బయటికొచ్చాను.

ఫ్యాక్టరీ గేటు

గేటుకు తాళం. గోడ మీద పిచ్చిమొక్కలు. ఈ గాలికి ఒకప్పుడు మొలాసిస్ మడ్డి వాసన ఉండేది, బట్టలకు పట్టి ఇంటిదాకా వచ్చేది. అప్పుడు ముక్కు మూసుకున్నాం. ఇప్పుడు దానికోసం అక్కడ నిలబడి గట్టిగా రెండుసార్లు గాలి పీల్చాను. దుమ్ము వచ్చింది, తుమ్మాను.

గేటు ఎదురుగా ఒక అవ్వ చాయ్ అమ్ముతోంది. కప్పు పది రూపాయలు. చిన్న కప్పులో చిక్కటి చాయ్. మా వైపు అంత చిన్న కప్పులో ఇస్తే గొడవైపోతుంది. తాగి, మాటల్లో పెట్టి అడిగాను.

"అవ్వా, ఇక్కడ బండ్ల వరుసలో ఒక సార్ పాఠం చెప్పేవారు, గుర్తున్నారా?"

"రేకు సారా? ఎర్కుండకపోతే ఎట్ల బిడ్డా! నేను గప్పుడు ఈడనే పేలాలు అమ్ముతుంటి. క్లాసు షురువైతే నన్ను గూడ గప్‌చుప్ కూసోమనేటోడు. అమ్మనియ్యకపోయేటోడు. గట్ల కూసోని కూసోని నాకు పదారో ఎక్కం దాంక వచ్చింది."

"నిజంగానా?"

"అడుగరాదు!"

"పదహారు ఏడులు?"

"నూట పన్నెండు" అంది, నేను పూర్తిచేసే లోపలే. అని, పక్కన చాయ్ తాగుతున్నవాళ్ల వంక గర్వంగా చూసింది. తర్వాత నెమ్మదించి, "మంచోడు బిడ్డా. ఎవడో పోరడు ఆఫీసరుకు చెప్పి ఎళ్లగొట్టించిండట. గానికేం పోయేకాలమొచ్చెనో" అంది.

ఆ పోరడు ఆవిడ ఇచ్చిన చాయ్ కప్పు పట్టుకుని ఆవిడ ఎదురుగానే నిలబడ్డాడు. నేనేనని చెప్పలేకపోయాను. ఇంకో చాయ్ తీసుకున్నాను.

జరిగింది ఇది. హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు కాలేజీ చూడ్డానికి వస్తున్నాడన్నారు. స్వాగతం పలికే ఉపన్యాసం నాకు అప్పజెప్పారు. క్యాంపు పిల్లాడి తెలుగు పుస్తకంలో లాగా ఉంటుందని అందరికీ ఒక భ్రమ. నేను రెండు ప్రతులు రాసి, ఒకటి దిద్దమని మా తెలుగు లెక్చరర్ చేతికిచ్చాను. అది తిరిగి రాలేదు. రెండోది పట్టుకుని వేదికెక్కాను. అందులో బండ్ల వరుస గురించి ఒక పేరా ఉంది. మా సార్‌ను ఆకాశానికెత్తాలని రాసింది. ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. సభ అయ్యాక రిజిస్టరు తెప్పించుకున్నాడు. కాలేజీ ఆవరణలో లేని విద్యార్థికి హాజరు వేయడం తప్పుడు రికార్డని రాసి పోయాడు. పదిహేను రోజుల్లో సార్‌ను ఆదిలాబాద్ అడవుల్లోకి బదిలీ చేశారు. బండ్ల వరుసలో వేసిన హాజరంతా కొట్టేశారు. దాంతో కొందరికి ఆ ఏడు పరీక్ష లేదన్నారు. నాకు హాజరు ఎలాగో సరిపోయింది. నా జతగాడు గంగారాంకు సరిపోలేదు.

ఆ ముందు వారమే ఆలస్యంగా వచ్చానని సార్ నన్ను గేటు బయట నిలబెట్టారు. దాని కసి తీర్చుకున్నాడన్నారు అందరూ. నేను ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. సార్ వెళ్లే రోజు బస్సు దగ్గరికి కూడా పోలేదు. పరీక్షలవగానే మా నాన్న పొలం అమ్మేసి గోదావరి జిల్లాకు తిరిగొచ్చేశాడు.

తర్వాత నేనూ మాస్టారునయ్యాను. ముప్పై మూడేళ్లు. హాజరుపట్టీలో ఒక్క అబద్ధం రాయలేదు. గొప్పకు చెప్పడం లేదు, సిగ్గుతో చెబుతున్నాను. దుర్గ అని ఒక పదో తరగతి పిల్ల రొయ్యల షెడ్డులో పనికి వెళ్తూ బడికి సగం రోజులు వచ్చేది. వాళ్లమ్మ వచ్చి కాళ్లావేళ్లా పడింది. రూలు రూలేనన్నాను. ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు. ఆ రోజు విఠల్ సార్ ఉంటే సైకిలేసుకుని రొయ్యల షెడ్డుకు వెళ్లేవారు.

వర్ని

మర్నాడు వర్ని వెళ్లాను. గంగారాం దొరకడం కష్టమనుకున్నాను గానీ, బస్టాండులో అడిగిన మొదటి మనిషే, "కాంటా గంగారామా? కాలువ గట్టున్నడు, పోండ్రి" అన్నాడు. ఫ్యాక్టరీ కాంటా దగ్గర పనిచేసి ఆ పేరు తెచ్చుకున్నాడట. ఇప్పుడు రెండెకరాల వరి.

గట్టు మీద పార పట్టుకుని నిలబడ్డ మనిషిని నేను గుర్తుపట్టలేదు. వాడు నన్ను గుర్తుపట్టాడు.

"ఏంరా సత్తెం! తొవ్వ మర్సినవా?"

"దారి మరిచిపోలేదురా. రాలేకపోయాను."

"రైళ్లు బందున్నయా?"

నేను నవ్వాను. వాడు నవ్వలేదు. పార కడుక్కుని, చేతులు కడుక్కుని, "నడు, తిందాం" అన్నాడు.

వాళ్లావిడ జొన్నరొట్టె, వెల్లుల్లి కారం, పచ్చిపులుసు పెట్టింది. మేం పచ్చిపులుసులో బెల్లం వేస్తాం. ఇక్కడ నువ్వుల పొడి వేస్తారు, బెల్లం మాటెత్తితే నవ్వుతారు. "అన్నకు కారం అయితున్నట్టుంది, పెరుగు పొయ్యనా?" అంది ఆవిడ. కారమని చెప్పి కళ్లు తుడుచుకోవడం నాకు సులువైంది.

తిన్నాక అరుగు మీద కూర్చున్నాం. ఇక తప్పించుకునే దారి లేక అడిగేశాను.

"గంగా, నా మీద కోపం ఉందా?"

"ఉండె. పదేండ్లు మస్తుగుండె. గప్పుడు కనవడ్డవంటే ఒక్కటి గుద్దుతుంటి."

"నేను కావాలని అనలేదురా. ఒట్టు."

"గది నాకెర్కనే. నువ్వు గంత తెలివిగల్లోనివి గాదు."

"మరి కోపం ఎందుకు?"

"ఎవ్వని మీదన్న ఉండాలె గదరా. సార్ మీద కోపం రాదు. ఆఫీసరు మనకు దొర్కడు. నువ్వు దొర్కినవ్."

అంత సూటిగా నాతో ఎవరూ మాట్లాడలేదు. నాకు తేలిగ్గానూ అనిపించింది, ఏడుపూ వచ్చింది.

వాడే మళ్లీ అందుకున్నాడు. "సార్ ఆదిలాబాద్ కెల్లి మూడుసార్లు మా ఇంటికి వచ్చిండు తెల్సా? బస్సులు మారి మారి. ఫీజు నేనే కడ్త, వచ్చే ఏడు పరీక్ష రాయి అన్నడు. మిగతా పోరలందరితోని రాయించిండు. నేనే రాయలే. కాంటా కాడ కొలువు దొరికె. నెల కాంగనే జీతం చేతుల పడుతుంటే సదువు యాదికి రాలే. ఫ్యాక్టరీ మూతపడ్డనాడు వచ్చింది. తప్పు నాది గూడ ఉన్నదిరా, అంత నువ్వే ఎత్తుకోకు."

"సార్ నన్నేమనుకున్నారో నీకు తెలుసా?"

"నన్ను అడుగకు. నీ పేరెత్తితే నాకు కోపమొస్తుండె, సార్ గది సూసి ఊకునేటోడు. ఆయన బిడ్డ సుజాత నిజామాబాద్లనే ఉన్నది. ఖిల్లా రోడ్డు మీద లెక్కల ట్యూషన్ సుజాతమ్మ ఇల్లంటే ఎవలన్న సూపెడ్తరు. పోయి అడుగు. బస్టాండు కాడ చాయ్ తాగి మర్లిపోకు."

ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే చాలా ఏళ్ల కిందట నేను చేసింది సరిగ్గా అదే. హైదరాబాద్‌లో పెళ్లికి వచ్చి, సార్ రిటైరై నిజామాబాద్‌లో ఉన్నారని ఎవరో అంటే, బస్సెక్కి వచ్చి, బస్టాండులో చాయ్ తాగి, సార్ ముఖం ఎలా చూడాలో తెలియక అదే బస్సులో తిరిగి వెళ్లిపోయాను. గంగారాంకు ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. వాడికి నేను తెలుసు, అంతే.

ఖిల్లా రోడ్డు

మూడో రోజు పొద్దున ఆటోలో బయల్దేరాను. చొక్కాకు పసుపు పట్టింది అప్పుడే. ఇల్లు సులువుగానే దొరికింది. తలుపు తీసినావిడకు అరవై దగ్గర పడుతుంది, కళ్లజోడు, చేతికి సుద్దముక్క పొడి. ముఖం తీరు, చూపు అచ్చం సార్‌వే.

నా పేరు చెప్పాను. వర్ని క్యాంపు అన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుంది.

"సత్యనారాయణ అన్ననా? లోపటికి రాండి."

నా పేరు ఆవిడకు ఎలా తెలుసోనని కంగారుపడుతూ డబ్బా చేతికిచ్చాను. ఆవిడ మూత తీసి లోపలికి చూసింది.

"గివేందన్నా?"

"పూతరేకులమ్మా. అంటే... బయల్దేరేటప్పుడు పూతరేకులే."

ఆవిడ నవ్వింది. చెంచా తెచ్చి, ఆ పొడి రెండు గిన్నెల్లోకి వంచి, ఒకటి నాకిచ్చి ఒకటి తను తీసుకుంది. "మంచిగున్నది. బాపుకు తీపంటే పానం" అంది. ముందుగదిలో గోడకు నల్లరేకు వేలాడుతోంది. అంచులు తుప్పు పట్టి ఉన్నాయి. మీద నిన్నటి ట్యూషన్ లెక్క ఇంకా చెరపలేదు. అది చూశాక గిన్నె కింద పెట్టేశాను.

"అమ్మా, నేనొకటి అడగడానికి వచ్చాను. ఆ రోజు ఆఫీసరు ముందు నేను చదివింది మీ నాన్నగారి కొంప ముంచింది. నేను కావాలని చేయలేదు. ఆయన పోయేముందైనా... నేను కావాలని చేశానని అనుకున్నారా?"

ఆవిడ నా వంక వింతగా చూసింది. "గిది అడగనీకి గంత దూరం నుంచి వచ్చినరా?"

"అవునమ్మా."

లేచి లోపలికి వెళ్లింది. పెట్టె మూత లేచిన చప్పుడు, కాగితాలు తీసిన చప్పుడు. తాడు కట్టిన పాత ఫైలుతో వచ్చి, అందులోంచి మడత కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. నా చేతిరాత. నేను తెలుగు లెక్చరర్‌కు ఇచ్చిన మొదటి ప్రతి.

"ఇది మీ దగ్గరికెలా వచ్చింది?"

"తెలుగు సార్ సదివి భయపడి, ముందు దినమే తెచ్చి బాపు టేబుల్ మీద పెట్టిండట. గా ముక్క కొట్టేద్దామా అని అడిగిండట. బాపు వద్దన్నడు."

"ముందే చదివారా?"

"సదివిండు. మా అమ్మ మస్తు కొట్లాడింది. అన్ని తెలిసి ఎందుకు చదవనిచ్చినవ్ అని. గప్పుడు బాపు అన్న మాట నాకు ఇప్పటికీ యాదున్నది. 'పిల్లగాడు ఉన్నది ఉన్నట్టు రాసిండు. గది నేను కొట్టేస్తే, మనం చేసింది దొంగపని అని వానికి నేర్పినట్టే. ఇగ రేపు ఏ ముఖం పెట్టుకోని పాఠం చెప్పాలె?' అన్నడు. దెబ్బ తన ఒక్కనికే తగుల్తదనుకున్నడన్నా. పోరల పరీక్షలు ఆపుతరని అనుకోలే. గది మాత్రం సచ్చేదాంక బాధపడ్డడు."

దుర్గ గుర్తొచ్చింది, వాళ్లమ్మ గుర్తొచ్చింది. నా ముప్పై మూడేళ్ల శుద్ధమైన హాజరుపట్టీలు గుర్తొచ్చాయి. ఆయన చేసింది తప్పని నమ్మినవాళ్లలో ఆ ఆఫీసరు తర్వాత నేనే ఉన్నాను.

సుజాతమ్మ నెమ్మదిగా అంది. "మీ గురించి ఒక్కటే అడిగేటోడు. వర్ని దిక్కు నుంచి ఎవలొచ్చినా అడిగేటోడు. 'గా క్యాంపు పిల్లగాడు ఎందుకు రాడు? నేను కోపంగున్ననని అనుకుంటున్నడేమో, ఎవలన్న వానికి చెప్పుండ్రి' అని. ఎట్ల చెప్పాలన్నా, మీ అడ్రసు ఎవ్వల కాడ లేకపాయె."

బస్టాండులో ఆ రోజు తాగిన చాయ్ గుర్తొచ్చింది. అక్కడినుంచి ఈ ఇంటికి ఆటోలో పావుగంట. ఆయన ఈ ముందుగదిలోనే, ఈ రేకు కిందే కూర్చుని ఉంటారు. నా తప్పు నేననుకున్నది కాదు. రాకపోవడం నా తప్పు. అది ఇప్పుడు దిద్దడానికి లేదు.

ఏడుస్తున్నట్టు ఆవిడకు కనిపించకూడదని కాగితం విప్పాను. అక్షరదోషాలు రెండు దిద్ది ఉన్నాయి. బండ్ల వరుస గురించిన పేరా పక్కన, అంచున, పెన్సిలుతో గీత గీసి ఏదో రాసి ఉంది. ఉర్దూలో చదువుకున్న మనిషి తెలుగు రాత, గజిబిజిగా, కొంచెం పక్కకు వాలి. కళ్లు తుడుచుకుని చదివాను.

"ఇక్కడ మెల్లగ చదువు. వెనుక వరుస దాంక వినపడాలె."

"గది మీకు ఇద్దామనే రాసిండు" అంది సుజాతమ్మ. "ఆఫీసరు పొద్దుగాలనే వచ్చి కూసున్నడట. ఇయ్యనీకి కాలే."

ఆ రోజు వేదిక మీద భయంతో ఆ పేరా గబగబా చదివి పారేశాను. ముందు వరుసలో ఆఫీసరుకు తప్ప ఎవరికీ సరిగ్గా వినపడలేదని సభ అవగానే గంగారాం వెక్కిరించాడు కూడా.

నేను లేచి నిలబడ్డాను. ఆవిడకు అర్థమైనట్టుంది, కుర్చీ వెనక్కి జరుపుకుని గోడవారగా కూర్చుంది. రేకు ముందు నిలబడి కాగితం రెండు చేతులా పట్టుకున్నాను.

"చెరుకు నరికే రోజుల్లో మేము కాలేజీకి రాలేము. అందుచేత కాలేజీయే మా దగ్గరకు వస్తుంది. మా ప్రిన్సిపాల్ గారు ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుసలో నిలబడి మా హాజరు తీసుకుంటారు. ఇలాంటి కాలేజీ దేశంలో ఇంకెక్కడా లేదు."

ఈసారి మెల్లగా చదివాను.